హైదరాబాద్ శివార్లు, మెట్రో, ఓఆర్ఆర్: నేను రోజూ వినే అపోహలు

ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ నా ఉద్యోగం. పెళ్లికి వెళ్లినా, బారసాలకి వెళ్లినా పంక్తిలో పక్కన కూర్చున్నాయన అడిగేది ఒక్కటే: "ఫలానా చోట ప్లాట్ తీసుకోవచ్చాండీ, అటు మెట్రో వస్తుందట కదా?" అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తా.

అపోహ: ఓఆర్ఆర్ (ఊరి చుట్టూ వేసిన ఔటర్ రింగ్ రోడ్డు) పక్కనే అంటే సిటీకి దగ్గరే.

158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ ఎక్కాలన్నా దిగాలన్నా ఇంటర్‌ఛేంజ్ దగ్గరే. ప్లాట్‌లో నిలబడితే రోడ్డు కళ్లెదుటే కనిపిస్తుంది, కానీ ఎగ్జిట్ దాకా సర్వీస్ రోడ్డులో కిలోమీటర్ల కొద్దీ వెళ్లాల్సి రావచ్చు. పైగా మెయిన్ రోడ్డు మీదికి బైకులు, ఆటోలు రానివ్వరు. బ్రోచర్‌లో "గచ్చిబౌలికి 25 నిమిషాలు" అని వేసేది కారున్నవాళ్ల లెక్క, అదీ ఆదివారం పొద్దున. కాలేజీకి వెళ్లే మీ అమ్మాయి, ఇంట్లో పనిచేయడానికి వచ్చే ఆవిడ ఎలా తిరగాలో అందులో రాయరు.

అపోహ: మెట్రో ప్రపోజల్ ఉందంటే వచ్చేసినట్టే.

ఇప్పుడు నడుస్తున్నది సుమారు 69 కిలోమీటర్లు. మియాపూర్, ఎల్బీనగర్, నాగోల్, రాయదుర్గం అన్నీ చివరి స్టేషన్లే, ఒక్కటీ ఓఆర్ఆర్ దాకా పోదు. ఒప్పందం 2010లో జరిగితే జనం రైలెక్కింది 2017 నవంబర్‌లో, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ (రెండూ పెద్ద బస్టాండ్లే) లైన్ 2020 ఫిబ్రవరిలో. అదే లైన్ ఫలక్‌నుమా దాకా వెళ్లాలని మొదటి ప్లాన్‌లోనే ఉంది, పాతబస్తీ వాళ్లు ఎన్నేళ్లు ఎదురుచూశారో వాళ్లనే అడగండి. "ప్రపోజ్డ్ స్టేషన్‌కి 2 కి.మీ." అని గజానికి నాలుగు వేలు ఎక్కువ అడిగితే, ఆ డబ్బు మీరు కాగితం మీది గీతకి కడుతున్నట్టు.

అపోహ: మెట్రో వేస్తే, ఫ్లైఓవర్ కడితే ట్రాఫిక్ తగ్గుతుంది.

తగ్గదు. రోడ్డు కాస్త ఖాళీ అయ్యిందనగానే అప్పటిదాకా ఇంట్లో ఉంచేసిన కార్లు బయటికొస్తాయి. మెట్రో వల్ల లాభం వేరే: ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా వెళ్లడానికి ఇంకో దారి దొరుకుతుంది.

అపోహ: టవర్లు కడితే ఊరు పక్కలకు పెరగడం ఆగుతుంది.

మన దగ్గర 2006 నుంచి ఎఫ్ఎస్ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) మీద పరిమితి లేదు. ఎంత ఎత్తు లేపొచ్చో రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదిలే ఖాళీ) చూసి తేలుస్తారు, స్టేషన్ దగ్గరా దూరమా అన్నది ఆ లెక్కలోకే రాదు. అందుకే కోకాపేటలో టవర్లూ లేచాయి, ఊరికి చాలా దూరంగా షాద్‌నగర్, సదాశివపేట వైపు వెంచర్లూ పడ్డాయి. ఆ వెంచర్లలో చాలావాటిలో రాళ్లు పాతి ఉంటాయి, ఇళ్లు ఉండవు. అక్కడ కొనేవాళ్లలో చాలామందికి అక్కడ ఉండే ఉద్దేశమే లేదు, రేటు పెరిగాక అమ్ముకోవాలి, అంతే. 2020లో ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని ప్లాట్లని రెగ్యులరైజ్ చేసే పథకం) కోసం దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయంటే అనుమతి లేకుండా ఎన్ని ప్లాట్లు పడ్డాయో ఊహించుకోండి.

అపోహ: జనం పెరిగితే బస్సులు వాటంతటవే వస్తాయి.

నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. ఒక్కో వెంచర్ చుట్టూ ఒక కాంపౌండ్ వాల్, ఒకే గేటు. లోపల 40 అడుగుల రోడ్లు ఉంటాయి కానీ పక్క వెంచర్ గోడ దగ్గర ఆగిపోతాయి. పది వెంచర్లు పక్కపక్కన ఉన్నా బస్సు తిరగడానికి మిగిలేది పాత ఊరి రోడ్డొక్కటే. ఇంటి నుంచి గేటు, గేటు నుంచి స్టాపు, కిలోమీటరున్నర ఎండలో ఫుట్‌పాత్ లేకుండా నడవాలి. ఎవరు నడుస్తారు? బస్సు ఖాళీగా తిరుగుతుంది, కొన్నాళ్లకు ట్రిప్పులు తగ్గిస్తారు, ఆ తర్వాత "ఇక్కడ బస్సుకి డిమాండ్ లేదు" అంటారు. లేఅవుట్ అనుమతి ఇచ్చేటప్పుడే రెండు వెంచర్ల రోడ్లూ కలిసి తీరాలని గట్టిగా పట్టుకుంటే సగం బాధ తప్పేది, తర్వాత గోడ కొట్టాలంటే కోర్టుకెళ్తారు.

ఇంకోటి, బస్సంటే పాతకాలం అనుకునేవాళ్ల కోసం: ఈ రోజుకీ సిటీలో మెట్రో కంటే కొన్ని రెట్లు ఎక్కువ మందిని మోసేది ఆర్టీసీనే.

అపోహ: ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ ఉంటే చాలు.

2003లో మొదలైన ఎంఎంటీఎస్ ఇప్పుడు మేడ్చల్, ఘట్‌కేసర్ వైపు కూడా వెళ్తుంది. కానీ చాలాచోట్ల ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు తిరిగే పట్టాల మీదే ఇవీ నడవాలి, అందుకే పది నిమిషాలకో రైలు వేయడం కుదరదు. అటు కొనేవాళ్లు స్టేషన్ బోర్డు చూసి సంతోషపడకండి, పొద్దున 8 నుంచి 10 మధ్య మీ ఆఫీసు వైపు ఎన్ని రైళ్లున్నాయో టైమ్‌టేబుల్ తీసి చూసుకోండి.