లింఫోమాకి కామెర్ల టెస్టు ఎందుకు?

"మెడలో బిళ్ళ కట్టిందని వస్తే కామెర్ల టెస్టులు రాస్తారేంటి?" కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి బయాప్సీ రిపోర్టు పట్టుకుని చెన్నై బండెక్కే కుటుంబాల్లో ఈ గొడవ మళ్ళీ మొదలైంది. కీమో రేపో మాపో అనుకుంటుంటే కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఉన్నాయేమో చూడమని ఇంకో ల్యాబ్ చీటీ చేతిలో పెడతారు. డబ్బు గుంజడానికేనని కొందరి కోపం. హెపటైటిస్ ఉంటే లింఫోమా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్, రాసిపెట్టినట్టేనని ఇంకొందరి భయం.

హెపటైటిస్ సి వైరస్ బయటపడింది 1989లో. లింఫోమా రోగుల్లో అది ఎక్కువగా కనిపిస్తోందని ఇటలీ డాక్టర్లు 1990ల్లోనే చెప్పారు. రెండూ ఒకే మనిషిలో ఉన్నంత మాత్రాన ఒకదానివల్ల ఇంకోటి వచ్చిందని ఎలా అంటారని కొందరు అడ్డుతగిలారు. న్యాయమైన ప్రశ్నే.

జవాబు 2002లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ప్లీహంలో నిదానంగా పెరిగే లింఫోమాతో పాటు హెపటైటిస్ సి కూడా ఉన్న 9 మందికి వైరస్‌ని తగ్గించే ఇంటర్‌ఫెరాన్ అనే మందు ఇచ్చారు. రక్తంలో వైరస్ కనిపించకుండా పోయాక ఏడుగురికి లింఫోమా పూర్తిగా తగ్గిపోయింది. మిగతా ఇద్దరికి రిబావిరిన్ అనే ఇంకో వైరస్ మందు కలిపి వైరస్‌ని పోగొడితే ఒకరికి పూర్తిగా, ఒకరికి కొంత తగ్గింది. ఒకరికి వైరస్ తిరగబెడితే లింఫోమా కూడా తిరగబెట్టింది. అదే లింఫోమా ఉండి వైరస్ లేని ఆరుగురిలో ఆ మందు ఒక్కరికీ పనిచేయలేదు. లెక్క చిన్నదే. అయినా దీని తర్వాత కాకతాళీయం అనే మాటకి బలం లేదు.

సి వైరస్ మన జన్యువుల్లో దూరదు. ఏళ్ల తరబడి ఒంట్లో ఉండి, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు అనే తెల్ల రక్తకణాలకు విశ్రాంతి లేకుండా చేస్తుంది. పెరిగి పెరిగి ఏదో ఒక కణం అదుపు తప్పుతుంది. సి ఉన్న చాలామందికి లింఫోమా రానే రాదన్నదీ నిజమే. వేగంగా పెరిగే రకానికి వైరస్ మందు ఒక్కటే చాలదు, కీమో పడాల్సిందే.

మన దేశంలో సి కంటే ఎక్కువ మందిలో ఉన్నది హెపటైటిస్ బి. లింఫోమాతో దాని సంబంధం సి అంత గట్టిగా తేలలేదు. బి విషయంలో నన్ను భయపెట్టేది వైద్యం మొదలయ్యాక జరిగేది. లింఫోమాకి ఇచ్చే రిటుక్సిమాబ్ అనే మందు బి కణాలను తుడిచేస్తుంది. దాంతో ఎప్పుడో వచ్చి అణిగిపోయిన బి వైరస్ మళ్ళీ లేచి, లివర్ ఫెయిలై ప్రాణం పోవచ్చు. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుకి అత్యంత తీవ్రమైన హెచ్చరిక తగిలించింది అందుకే. బి వైరస్ ఇప్పుడు ఉందా అని చూసే హెచ్‌బీఎస్‌ఏజీ టెస్టు నెగటివ్ వచ్చినా సరిపోదు, అది ఎప్పుడైనా వచ్చిపోయిందా అని చెప్పే యాంటీ హెచ్‌బీసీ టెస్టు కూడా చూడాలి. అది పాజిటివ్ అయితే బి వైరస్‌ని అణిచిపెట్టే ఎంటెకవిర్ లాంటి మాత్ర రోజూ వేసుకోవాలి. ఆఖరి రిటుక్సిమాబ్ అయ్యాక కనీసం ఏడాది దాకా, ఒంట్లో బాగున్నా సరే, డాక్టర్ చెప్పకుండా మానకూడదు.

2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి టెస్టులూ మందులూ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. చెన్నై వెళ్లేముందే జిల్లా ఆసుపత్రిలో అడిగి, ఆ రిపోర్టు కూడా ఫైల్లో పెట్టుకోండి.