మోమోని మేలో తేకండి
శ్రీకాకుళం,
ఏప్రిల్ 12

చిరంజీవులు అమ్ములుకీ, బాబ్జీకీ తాతయ్య ఆశీస్సులు.

సెలవులకి మీ పగ్ కుక్క మోమోని కూడా తెస్తామని రాశారు. ఈసారికి వద్దు. మొహాలు ముడుచుకోకుండా చివరిదాకా చదవండి.

మన ఇంట్లోనూ ఒక పగ్ ఉండేది. 2003లో టీవీలో హచ్ ఫోన్ల ప్రకటన వచ్చేది. ఒక పిల్లాడు ఎటు పోతే అటు ఒక పగ్ వెంటపడుతుంది. అది చూసి మీ నాన్న నాకూ కావాలని రెండు రోజులు అన్నం మానేశాడు. (ఇప్పుడు మిమ్మల్ని మొండి పిల్లలంటాడు!) అలా వచ్చాడు బుజ్జిగాడు.

ఒక మే నెలలో ఇంట్లో పెళ్లి పనులు. చుట్టాల కాళ్లకి అడ్డం పడుతున్నాడని వాణ్ణి వరండాలో కట్టేశాను. నీడ ఉంది, గిన్నెలో నీళ్లున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. గంట తర్వాత చూస్తే పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. నాలుక ముదురు ఎరుపు, నోట్లోంచి తీగలా చొంగ, లేపితే కాళ్లు తడబడుతున్నాయి. బోరు దగ్గరికి ఎత్తుకెళ్లి ఒళ్లంతా నీళ్లు పోశాం. కాసేపు ఫ్యాను పెట్టి, ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. బతికాడు. తప్పు నాదే.

డాక్టరుగారు ఆ రోజు చెప్పింది మీకూ చెబుతాను. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అది రొప్పుతుంది. నాలుక మీదా ముక్కు లోపలా ఉన్న తడి ఆవిరైతే ఒళ్లు చల్లబడుతుంది. పగ్ మొహం చూశారుగా, ముద్దుగా ఉంటుందని మనుషులు తరతరాలుగా ఏరి ఏరి ముక్కు పొట్టి చేసేశారు. ఎముక కురచబడింది గానీ లోపలి కండ అంతగా తగ్గలేదు. అంగిలి వెనక మెత్తటి భాగం గొంతులోకి వేలాడి గాలికి అడ్డం పడుతుంది. మోమో గురక పెడుతోందని నవ్వుతూ వీడియో పంపారు కదా, ఆ చప్పుడు అదే. నెదర్లాండ్స్‌లో మరీ పొట్టి ముక్కు కుక్కల్ని పెంపకందారులు ఈనించకూడదని చట్టమే ఉంది.

మీ బెంగళూరు గాలి వేరు. ఇక్కడ సముద్రం దగ్గర, మేలో ఒకటే ఉక్క. మనకే చెమట ఆరదు, ఇక దాని నాలుక తడి ఏం ఆరుతుంది? కూలరు పెడితే ఉక్క ఇంకా పెరుగుతుంది. ఏసీ గది మోమోకి ఇచ్చేస్తానని నానమ్మ అంది, కాస్త సణిగినా. గది సరే, ప్రయాణం మాటేమిటి? రైల్లో కుక్క మన పక్కన ఉండాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకోవాలి. లేదంటే గార్డు బోగీలో పెట్టె. మేలో ఆ పెట్టె, నేను బుజ్జిగాణ్ణి కట్టేసిన వరండా, రెండూ ఒకటే. సంక్రాంతికి తీసుకురండి. నాగావళి ఒడ్డున మీరు అలిసిపోయేదాకా తిప్పుదాం.

ఈలోగా మీ పనులు మీరు చెయ్యాలి. మొహం మీది ముడతల్ని రోజూ తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దండి. తడి మిగిలితే పుండ్లు పడతాయి. కళ్లు బయటికి ఉంటాయి కనుక తుప్పల్లో దూరనివ్వకండి. కన్ను ఎర్రబడి మూస్తుంటే రేపటిదాకా ఆగకూడదు. మెడపట్టీ వద్దు, గొంతు నొక్కుతుంది. ఛాతీకి కట్టే హార్నెస్ కొనమనండి. షికారు ఎండ రాకముందే. రేబిస్ టీకా ఏటా మీ నాన్న వేయిస్తున్నాడో లేదో కార్డు తీసి చూడండి.

తిండి దగ్గర మాత్రం జాలిపడకండి. పగ్ ఎప్పుడూ పదిరోజులు పస్తున్నట్టే చూస్తుంది. బుజ్జిగాడు ఆ చూపుతోనే మా అందరి కంచాల్లోంచీ తినేసి పదకొండు కిలోలయ్యాడు. ఉండాల్సింది ఆరు నుంచి ఎనిమిది. కొవ్వు పెరిగితే ఊపిరి ఇంకా బిగుస్తుంది. ఉల్లిపాయ వేసిన కూర, చాక్లెట్, పరమాన్నంలో కిస్మిస్ అసలే పెట్టకండి. అవి దానికి విషం.

మోమోని ఎత్తుకుని బరువు మిషను ఎక్కు, బాబ్జీ. తర్వాత ఒక్కడివే ఎక్కు. తీసివేత అమ్ములు చేస్తుంది. ఎంత వచ్చిందో, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయో లేదో వెంటనే రాయండి.

మీ
తాతయ్య