తలకిందుల తోరణం

“మామయ్యా, ఈ స్తంభం వంగిపోయింది. చూశావా?”

సాలిస్‌బరీ కెథడ్రల్, అంటే ఇంగ్లండులోని ఓ పెద్ద పాత చర్చి, నట్టనడుమ, గోపురం కింద నిలబడి మా మేనకోడలు అన్న మాట ఇది. పదేళ్ళ పిల్ల. స్తంభానికి చెంప ఆనించి, ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్క వాటం చూసినట్టు పైకి చూస్తోంది. నేనూ అలాగే చెంప ఆనించి చూశాను. నిజమే. నున్నటి నల్లరాతి కంబం కొంతదూరం నిటారుగా వెళ్ళి, మధ్యలో విల్లులా వంగి, మళ్ళీ సర్దుకుంది. దాని నెత్తిన ఉన్న బరువు తెలిసినవాణ్ణి కాబట్టి ఒక్కక్షణం ఒళ్ళు జలదరించింది. ఆ గోపురం, దానిమీది శిఖరం కలిసి దాదాపు 6,500 టన్నులు. అంత బరువూ ఇలాంటి నాలుగు స్తంభాల మీదే ఉంది. తలా పదహారు వందల టన్నుల పైమాట.

“మరి పడిపోదా?” అంది తను. ఆ ప్రశ్నకు అక్కడ నిలబడి చెప్పిన జవాబు నాకే సగం సగంగా అనిపించింది. పూర్తి జవాబు ఇది.

లండన్ వాటర్లూ స్టేషన్లో రైలెక్కితే సాలిస్‌బరీకి గంటన్నర ప్రయాణం. మా చెల్లెలు పులిహోర కట్టుకొచ్చింది. కెథడ్రల్ చుట్టూ ఉన్న పచ్చిక మీద కూర్చుని తిన్నాం. ఇంగ్లండు రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందపత్రం మాగ్నా కార్టా మూలప్రతుల్లో ఈనాటికి మిగిలినవి నాలుగే, వాటిలో ఒకటి ఇక్కడుంది. 1386 నాటిదని చెప్పే గడియారమూ ఉంది. దానికి ముఖమే లేదు, గంట కొట్టడం ఒక్కటే దాని పని. రెండూ చూశాం. కానీ నా మనసంతా ఆ వంగిన స్తంభం దగ్గరే ఉండిపోయింది.

రాయి నలిగిపోతుందేమోనన్న భయం ముందు తీసేద్దాం. ఓ మోస్తరు సున్నపురాయి కూడా చదరపు సెంటీమీటరుకు మూడు నాలుగు వందల కిలోల బరువు ఓర్చుకుంటుంది. ఘనమీటరు రాయి రెండు టన్నుల పైచిలుకు తూగుతుంది. ఈ లెక్కన రాయి మీద రాయి పేర్చుకుంటూ పోతే, అడుగు రాయి తన పైబరువుకు పిండి కావాలంటే స్తంభం ఎత్తు సుమారు కిలోమీటరున్నర ఉండాలి. సాలిస్‌బరీ శిఖరం ఎత్తు 123 మీటర్లు. బ్రిటన్ మొత్తంలో చర్చి శిఖరాల్లో ఇదే ఎత్తయినది, అయినా రాతి బలంలో చిన్న వాటాయే వాడుకుంటోంది. పాత రాతికట్టడాలు రాయి నలిగి కూలడం చాలా అరుదు. బరువు నేలదాకా దిగే దారి రాయిలోంచి తప్పిపోయినప్పుడు కూలుతాయి. ఈ ఒక్క సంగతి అర్థమైతే కెథడ్రల్ అంతా అర్థమైనట్టే.

ఆ దారిని కంటితో చూడొచ్చు. గుమ్మానికి కట్టే మామిడాకుల తోరణం చాలు.

రెండు మేకుల మధ్య తోరణం వేలాడుతోంది. దారం తోయలేదు, లాగడం ఒక్కటే దానికి తెలుసు. కాబట్టి తన బరువు, ఆకుల బరువు కలిపి, లాగుడు మాత్రమే ఉండే ఆకారంలోకి తానే సర్దుకుంటుంది. దానికెవరూ లెక్క చెప్పరు. ఇప్పుడు ఆ ఆకారాన్ని గట్టిగా బిగబట్టి తలకిందులు చేశామనుకోండి. లాగుడు ఉన్న ప్రతిచోటా అంతే బలంతో నొక్కుడు వస్తుంది. నొక్కుడు అంటే రాయికి ప్రాణం. లాగితే మాత్రం నొక్కుడుకు తట్టుకునేదాంట్లో పదో వంతుకే తెగిపోతుంది. దారానికి లాగుడే, రాయికి నొక్కుడే. ఒకదాన్ని తిరగేస్తే రెండోది. అదే కమాను.

ఈ మాట మొదట చెప్పినవాడు ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్. 1675లో తన పుస్తకం చివర అక్షరాలన్నీ కలగాపులగం చేసి, పొడుపుకథలా అచ్చువేశాడు. ఆయన పోయాకే విప్పు బయటికొచ్చింది: వంగే తీగ ఎలా వేలాడుతుందో, తిరగేస్తే గట్టి కమాను అలాగే నిలబడుతుంది. ఇంటర్‌లో హుక్ అనగానే పిల్లలు స్ప్రింగు సూత్రం చెబుతారు. వరంగల్లులో ఇరవై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పిన నేను కూడా అదొక్కటే చెప్పాను. ఈ రెండోది పాఠంలో లేదు. పిల్లల ఇంటి గుమ్మానికే ప్రయోగం వేలాడుతుంటే ఒక్కసారీ చూపించలేదన్న బాధ ఆరోజు నాకు నిజంగా కలిగింది.

వరంగల్లు అన్నాను కాబట్టి ఇంకో మాట. కోటలో ఉన్న కాకతీయుల కళాతోరణం పేరుకు తోరణమే గానీ దాని పద్ధతి వేరు. నిలువు కంబాల మీద అడ్డంగా పరిచిన రాతి దూలం అది. దూలం మీద బరువు పడితే పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. సాగడం రాయికి గిట్టదు. అందుకే మన గుళ్ళలో స్తంభాలు అంత దగ్గరగా ఉంటాయి. మండపం నడుమ నాలుగు స్తంభాల మధ్య దూరాన్ని దూలం బలమే నిర్ణయిస్తుంది. కమానులో ఆ సాగుడే లేదు. దూలం దాటలేని దూరాన్ని అందుకే దాటగలదు.

మరి దానికి చెల్లించే మూల్యం? మేకుల్ని అడగండి. తోరణం మేకుల్ని లోపలికి లాగుతుంది. తిరగేస్తే కమాను తన కాళ్ళను బయటికి తోస్తుంది. ఎంత బలంగా అంటే, మొత్తం బరువును మేకుల మధ్య దూరంతో గుణించి, వేలాడిన లోతుకు ఎనిమిది రెట్లతో భాగించాలి. మీటరు గుమ్మానికి 400 గ్రాముల తోరణం 5 సెంటీమీటర్లే వేలాడేలా బిగించి కట్టామనుకోండి. ఒక్కో మేకు మీద పక్కలాగుడు కిలో! అదే తోరణాన్ని 25 సెంటీమీటర్లు వేలాడనిస్తే 200 గ్రాములే. 50 సెంటీమీటర్లయితే 100. బట్టలారేసే తాడు బిగుతుగా కడితే మేకు గోడలోంచి ఊడొచ్చేది ఇందుకే. ఇప్పుడు ఈ కెథడ్రల్ కట్టిన గోతిక్ పద్ధతి కమానును చూడండి. సగం వృత్తంలా గుండ్రంగా కాకుండా, రెండు అరచేతులు జోడించినట్టు కొనదేరి ఉంటుంది. వెడల్పు అంతే, ఎత్తు ఎక్కువ. అంటే లోతుగా వేలాడిన తోరణం. గోడల మీద తోపుడు తక్కువ. దేవుడి వైపు చూపించడానికే ఆ కొన అని గైడ్లు చెబుతారు. భక్తితో కట్టినవాళ్ళ మనసులో అదీ ఉండే ఉంటుంది. తాపీ మేస్త్రికి మాత్రం ఆ కొనతో గోడ నిలబడుతుంది.

తోరణం నడుమ ఓ కొబ్బరికాయ కట్టండి. దారం వెంటనే కొనదేరుతుంది! తిరగేస్తే, నడినెత్తిన బరువు మోసే కమానుకు కొన ఉండాలని తెలుస్తుంది. కొబ్బరికాయను ఓ పక్కకు జరపండి, దారం ఆ పక్కకు ఒరుగుతుంది. ఒకవైపు బరువెక్కువైన కమానులో బలం నడిచే దారి అలా ఒరిగినట్టే. ఆ దారి రాయి మందంలో ఎక్కడో ఓ చోట ఉన్నంతకాలం కమాను క్షేమం. రాయి మందం దాటి బయటికొచ్చిందా, అక్కడ రాళ్ళ అతుకు తలుపు మడతబందులా తెరుచుకుంటుంది. ఒకటి రెండు తెరుచుకుంటే కమాను కొంచెం సర్దుకుంటుంది. నాలుగు తెరుచుకుంటేనే కూలుతుంది. పాతకాలపు కమానులో పగులు కనబడగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. కాళ్ళు కాస్త జరిగితే దానికి తగ్గట్టు కమాను ఒళ్ళు సర్దుకున్న ఆనవాలు అది.

ఇక మన వంగిన స్తంభం. 1220లో శంకుస్థాపన జరిగింది, 1258 నాటికి ప్రధాన భాగం పూర్తయింది. అప్పుడు నడుమ ఉన్నది పొట్టి గోపురమే. ఇప్పుడు మనం చూస్తున్న ఎత్తయిన గోపురం, దానిమీది శిఖరం 14వ శతాబ్దం మొదట్లో ఎక్కించినవి. స్తంభాలు అంత బరువుకు కట్టినవి కావు. పైనుంచి కొత్త బరువు, పక్కనుంచి వరసకమానుల పాత తోపుడు, రెంటి నడుమా నడుము వంగింది. వంగినా విరగలేదంటే ఒక కారణం రాళ్ళ అతుకుల్లోని సున్నం. మా తాతగారి ఇల్లు గానుగ సున్నంతో కట్టింది. సున్నాన్ని ఎద్దులతో గానుగలో రుబ్బి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవారట. కాల్చిన సున్నపురాయికి నీళ్ళు తగిలితే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. అది గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుని మళ్ళీ కాల్షియం కార్బొనేట్, అంటే మళ్ళీ సున్నపురాయి అవుతుంది. గాలి లోపలిదాకా చేరితేగానీ ఈ పని జరగదు. మందపాటి రాతికట్టు లోపల ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ అతుకులు మెత్తగా ఉండి, కట్టడం ఒత్తిడికి తగ్గట్టు ఒదుగుతుంది. సిమెంటైతే నెలలోపే బిగుసుకుని, ఒదగలేక పగిలేది.

మేస్త్రులు చూస్తూ ఊరుకోలేదు. గోపురానికి ఇనుప పట్టీలు బిగించారు. స్తంభాల మధ్య అడ్డంగా రాతి కమానులు కట్టి, ఒకదానికొకటి ఆనుకునేలా చేశారు. తూర్పు వైపు, ప్రధాన హాలుకు అడ్డంగా ఉన్న చిన్న సాలలోనైతే నిటారు కమాను నెత్తిన తలకిందుల కమాను పెట్టారు! తోరణం, తిరగేసిన తోరణం, రెండూ రాతిలోనే, వీపు వీపు ఆనించుకుని.

1668లో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ వచ్చి కొలిచాడు. హుక్‌కు ఆప్తమిత్రుడు, 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌ను తిరిగి కట్టడంలో ఇద్దరిదీ కలిసిన చెయ్యి. శిఖరం కొన నైరుతి దిక్కుకు సుమారు 75 సెంటీమీటర్లు ఒరిగిందని తేల్చాడు. కొన నుంచి తూకపు గుండు వదిలితే ఎక్కడ ఆనుతుందో చెప్పే గుర్తు నేల మీద ఉంది. మా పిల్ల దానిమీద ఒక కాలు, అసలు నడిమధ్యన ఒక కాలు వేసి నిలబడింది. ఒక పెద్ద అంగ. నైరుతి అనగానే మా చెల్లెలు “వాస్తు ప్రకారం నైరుతి బరువుండాలిగా, అందుకే నిలబడింది” అంది. కాదమ్మా. 123 మీటర్లకు ముప్పావు మీటరు అంటే డిగ్రీలో మూడో వంతు. గోపురం వెడల్పుతో పోలిస్తే ఇది ఏపాటిదీ కాదు. బలం నడిచే దారి స్తంభాల మధ్యనుంచి బయటికి రాలేదు. ఏ దిక్కుకు ఒరిగినా లెక్క అదే.

పునాది సంగతి ఇంకా ఆశ్చర్యం. 123 మీటర్ల శిఖరానికి పునాది లోతు సుమారు 1.2 మీటర్లు! అడుగున నదులు మేటవేసిన గులకరాళ్ళ పొర, దాన్నిండా నీళ్ళు. గైడు నేలలో ఓ చిన్న మూత తీసి పొడవాటి కర్ర దించింది. పైకి తీస్తే చివర తడిసి నిగనిగలాడింది. మా పిల్ల ఆ తడిని వేలితో ముట్టుకుంది. ఇంతటి కట్టడం నీళ్ళ మీదా అనిపిస్తుంది గానీ, గులకరాళ్ళు ఒకదానికొకటి ఇరుక్కుని బరువు దించుకుంటాయి, నీటిమట్టం మరీ కిందికి దిగనంతవరకూ కదలవు. మన నల్లరేగడి చూడండి, ఎండాకాలం బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది, ఇంటిని ఏడాదికోసారి ఊపుతుంది. నేల మెత్తనా గట్టా అన్నదానికంటే, ఏడాది పొడవునా ఒకేలా ఉంటుందా అన్నది ముఖ్యం. రామప్ప గుడి శాసనం 1213 నాటిది, సాలిస్‌బరీ కంటే ఏడేళ్ళు ముందు. అక్కడ పునాది గోతిలో ఇసుక నింపి దానిమీద గుడి కట్టారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఇద్దరూ రేణువుల మీద కూర్చోబెట్టారు.

పాత కెథడ్రల్ ఊరికి ఉత్తరాన, ఓల్డ్ సారమ్ గుట్ట మీద ఉండేది. అక్కణ్ణుంచి బిషప్ బాణం వేస్తే అది జింకకు తగిలిందనీ, జింక వచ్చి పడినచోట ఈ గుడి కట్టారనీ కథ. ఆవు పుట్టలో పాలు కార్చిన మన స్థలపురాణాలకు చుట్టమే. గుట్ట మీద గాలి ఎక్కువ, నీళ్ళు తక్కువ, కోటలో సిపాయిలతో గొడవ. కింద బిషప్ సొంత పచ్చిక బయలుంది. కథ నాకిష్టమే, పిల్లకీ చెప్పాను. తర్వాత కారణాలూ చెప్పాను.

సాయంత్రం 332 మెట్లూ ఎక్కాం. శిఖరం లోపల ఖాళీ. గోడ మందం పైకి పోయాక జానెడే. కట్టినప్పటి కర్ర పరంజా ఇప్పటికీ లోపలే ఉంది, దాన్ని చూడ్డానికే అన్ని మెట్లూ ఎక్కొచ్చు.

ఇంటికొచ్చాక మా పిల్ల గుమ్మానికి దారం కట్టి, దానికి కాగితపు క్లిప్పులు వరసగా తగిలించి ఫొటో తీసింది. ఫోనులో తిరగేసి, కెథడ్రల్ హాలు పైకప్పు కమాను ఫొటో మీద పెట్టింది. పైభాగమంతా దారం రాతిలోనే నడిచింది. కిందికొచ్చేసరికి గోడ దాటి బయటికి పోయింది.

“తప్పొచ్చింది మామయ్యా. ఇక్కడ రాయే లేదు.”

పొద్దున పులిహోర తింటూ బయటినుంచి తీసిన ఫొటో తియ్యమన్నాను. ఆ ఎత్తున, గోడకు బయట ఏముందో చూడమన్నాను. గోడకు ఆనించి కట్టిన లావుపాటి రాతి దిమ్మ, సరిగ్గా దారం వెళ్ళిన వైపే, నేలదాకా దిగి ఉంది.