బస్సు ఎవరిది, బస్టాపు ఎవరిది? నెల్లూరు ఎన్నికల హామీల వెనుక కథ

కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయంటే నెల్లూరు వీధుల్లో రవాణా హామీలు వరుస కడతాయి. మా పేటకు సిటీ బస్సు వేయిస్తామంటారు, ఆటోల రద్దీ తగ్గిస్తామంటారు, అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలవనివ్వమంటారు. మాట ఇచ్చేది ఒకరే అయినా, ఈ మూడు పనుల అధికారం మాత్రం ఒక్క చోట లేదు. అభ్యర్థులను పోల్చి చూడాలనుకునే ఓటరు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

నెల్లూరుకు మునిసిపాలిటీ వచ్చింది 1866లో. అప్పటికి ఊళ్లో రైలు లేదు. మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే ట్రంకు రోడ్డే ఊరికి వెన్నెముక. తరువాత రైలు వచ్చాక దాని కట్ట ఊరికి అడ్డుగోడ అయింది. పాత పేటలు తూర్పున ఉండిపోయాయి, మాగుంట లేఅవుట్ వంటివి తరువాత పడమట పెరిగాయి. విజయమహల్ గేటు, కొండాయపాళెం గేటు అని జనం నేటికీ దారి చెప్పుకునేది ఆ కట్ట దాటే చోట్ల పేర్లతోనే.

వానాకాలంలో మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి దగ్గర ఒక్క గంట నిలబడితే చాలు, సమస్య కళ్లకు కడుతుంది. సైలెన్సర్‌లోకి నీళ్లు పోయి ఆగిన బండిని ఒకాయన మోకాలి లోతులో తోసుకుంటూ వస్తాడు. వెనకాల బడి పిల్లల ఆటో ముందుకు పోలేదు, వెనక్కీ తిరగలేదు. పైన వంతెన రైల్వేది. కానీ ఆ నీరు పోవాల్సిన ఊరి కాలువల్లో పూడిక తీయించడం కార్పొరేషన్ పని. ఇక్కడ ‘అది రైల్వే వాళ్లది’ అని తప్పుకునే అభ్యర్థిని నేనైతే నమ్మను.

బస్సు సంగతి వేరు. ఆర్టీసీ 1958లో ఏర్పడింది, అప్పటినుంచీ రాష్ట్రం చేతిలోనే ఉంది. కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల కారణంగా 1964లో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఒక బస్సు రూటు ముఖ్యమంత్రి పదవినే కదిలించగలిగిందంటే, ఆ నిర్ణయాలు ఏ స్థాయిలో జరుగుతాయో ఊహించుకోవచ్చు. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో విలీనమయ్యారు. 2025 ఆగస్టు 15న మొదలైన మహిళల ఉచిత ప్రయాణం కూడా రాష్ట్రం నిర్ణయమే. కార్పొరేటర్ డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వగలడు, అంతే. ఆటో పర్మిట్లు రవాణా శాఖవి, బైపాస్ జాతీయ రహదారుల సంస్థది.

మరి కార్పొరేషన్‌కు మిగిలిందేమిటి? 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనుల పట్టికను చేర్చింది. అందులో పట్టణ ప్రణాళిక, రోడ్లు, వంతెనలు, వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు ఉన్నాయి. బస్సులు నడపడం మాత్రం ఆ పట్టికలో లేదు. చిన్నదిగా కనిపించే ఈ జాబితాలోనే నడిచి వెళ్లేవాళ్ల బతుకంతా ఉంది. కాలిబాట లేక ట్రంకు రోడ్డు అంచున బండ్ల మధ్య నడిచే ముసలమ్మకు, ఎండలో నీడలేని స్టాపులో నిలబడే కూలీకి ముందు కావలసింది ఇదే. వీధి వ్యాపారులకు చోటు చూపే బాధ్యత కూడా 2014 చట్టంతో స్థానిక సంస్థ మీద పడింది. తోపుడుబండికి జాగా చూపకుండా రోడ్డు ఖాళీ చేయిస్తామన్న హామీ సగం హామీయే.

గత ఎన్నికలు 2021 నవంబరులో, 54 డివిజన్లకు జరిగాయి. నెల్లూరుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, సరిగ్గా ఆ నెలల్లోనే వస్తాయి. ఇంటికి వచ్చిన అభ్యర్థిని బస్సు గురించి అడిగేముందు, తన డివిజనులో పూడిక తీయాల్సిన కాలువ ఏదో, అది ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో చెప్పమనండి.