ఎర్రరంగు గడి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అమెరికాలో మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆరోగ్య నివేదికలో అల్జీమర్స్ అనే మతిమరపు జబ్బు మరణాల రేటు రాష్ట్ర సగటును మించిందనీ, ఆ గడికి ఎర్రరంగు వేశారనీ రాశారు. "మా ఊరు అంత చెడ్డదా తాతయ్యా?" అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం.

ఈ జబ్బు ఎక్కువగా 65 ఏళ్లు దాటినవారికి వస్తుంది. కాబట్టి వృద్ధులు ఎక్కువున్న మెయిన్ రాష్ట్రాన్నీ, చిన్నపిల్లలు ఎక్కువున్న యూటానూ ఉన్నవి ఉన్నట్టు పోలిస్తే మెయిన్‌కు అన్యాయమే. అందుకని రెండుచోట్లా వయసుల పంపకం ఒకేలా ఉందనుకుని మళ్లీ లెక్క కడతారు. అమెరికాలో దీనికి 2000 సంవత్సరపు జనాభాను ప్రమాణంగా పెట్టుకున్నారు. మీ నివేదికలో వయసును బట్టి సవరించిన రేటు ఇచ్చారో లేదో చూడండి. ఇవ్వకపోతే ఆ ఎర్రరంగును పట్టించుకోనక్కర్లేదు.

ఇచ్చినా ఇంకో చిక్కుంది. ఈ అంకె మరణ ధ్రువపత్రాల నుంచి వస్తుంది. అల్జీమర్స్ ముదిరినవారికి మింగడం కష్టమై, తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. చాలామంది ప్రాణం తీసేది అదే. డాక్టరు న్యుమోనియా అని మాత్రమే రాసి సంతకం పెడితే అల్జీమర్స్ లెక్కలోకి రాదు. మూలకారణంగా దాన్నీ రాయాలి. అమెరికా మాజీ అధ్యక్షుడు రీగన్ 2004లో న్యుమోనియాతోనే పోయారు. ఆయనకు అల్జీమర్స్ ఉందని 1994లోనే లోకమంతటికీ తెలుసు. ఏ డాక్టరూ పరీక్షించని ఒక సామాన్యుడి సంగతి ఎవరికి తెలుస్తుంది? జబ్బును శ్రద్ధగా గుర్తించే ఊరికే ఎర్రరంగు పడవచ్చన్నమాట. వింత లెక్క కదూ!

అలాగని ఈ అంకె వట్టిదని అనను. 2019లో అమెరికాలో అల్జీమర్స్ మరణాలు 1,21,499. మరుసటి ఏడాది 1,34,242. ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే జబ్బు ఒక్క ఏడాదిలో అంత విజృంభించదు. అది కోవిడ్ కాలం. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లోకి బయటివారిని రానివ్వలేదు. రోజూ వచ్చి దగ్గర కూర్చుని బుజ్జగించి తినిపించే కూతురు గుమ్మం బయటే ఆగిపోయింది. పనివాళ్లు చాలలేదు. పరీక్ష జరగని కోవిడ్ మరణాలు కొన్ని ఈ పద్దులో చేరి ఉండవచ్చు కూడా. 2021లో అంకె 1,19,399కి దిగింది. ఊరి ఆరోగ్యం గురించి ఈ అంకె నిజంగా ఏమైనా చెబుతుందంటే, నా దృష్టిలో అది ఇక్కడే: మతి తప్పిన మనిషి పక్కన ఎవరున్నారన్నది.

ఇక మన దేశం సంగతి. 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఇంట్లో పోయిన పెద్దవారికి 'వృద్ధాప్యం' అని చెప్పి ఊరుకుంటాం. ఇక్కడ అంకె చిన్నదిగా కనిపిస్తే సంబరపడకండి.

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల సంఘం ఈ తరహా మతిమరపు జబ్బులకు దారితీసే 14 ముప్పులను పేర్కొంది. చిన్నప్పుడు చదువు అందకపోవడం, వినికిడి లోపం, రక్తపోటు, పొగతాగడం, ఒంటరితనం అందులో ఉన్నాయి. మీ నివేదికలో రక్తపోటు, పొగతాగేవారు, ఒంటరిగా బతికే వృద్ధులు అనే వరుసలుంటే వెతికి, వాటికి ఏ రంగు వేశారో ఈసారి రాయండి.

తాతయ్య