పిల్లల భయాలు: అపోహలు, వాస్తవాలు

భయపెట్టే వాటికి దూరంగా ఉంచితే భయం దానంతటదే పోతుందన్న మాటను నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల నోట తరచూ వింటాను. పిల్లల మానసిక చికిత్సలో నేను చూసిన అపోహలన్నింటిలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. బిడ్డ వణుకుతూ చేయి పట్టుకుని ‘ఇవాళ్టికి బడికి వెళ్లనమ్మా’ అంటే ఏ తల్లి మనసైనా కరుగుతుంది, అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే బడి మానిన మరుక్షణం కలిగే ఊరట, తప్పించుకున్నందువల్లనే ముప్పు తప్పిందని ఆ బిడ్డకు నేర్పుతుంది. తాను తట్టుకోగలడో లేదో తెలుసుకునే అవకాశం చేజారిపోతుంది కనుక, మొదట తరగతి గదికే పరిమితమైన భయం క్రమంగా బడి బస్సుకూ, సెలవు రోజు సాయంత్రానికీ పాకుతుంది.

‘ఏమీ కాదు కదా?’ అని బిడ్డ పదేపదే అడగడం, మనం పదేపదే ‘ఏమీ కాదు’ అనడం కూడా ఈ కోవలోకే వస్తాయి. ఆ జవాబు ఎంతోసేపు నిలవదు, మళ్లీ అడగాలనిపిస్తుంది.

అలాగని నీళ్లంటే భయపడే బిడ్డను నీళ్లలోకి తోయమని నేను చెప్పడం లేదు. దానివల్ల భయంతో పాటు మనమీద అపనమ్మకం కూడా మిగులుతుంది. చేయవలసింది మెట్టు మెట్టుగా దగ్గర చేయడం. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్నారికి, అతడు ఇష్టమైనది తింటుండగా కుందేలును రోజురోజుకూ కొంచెం దగ్గరగా తెచ్చి ఆ భయం పోగొట్టిన వైనాన్ని అమెరికన్ మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ 1924లోనే ప్రచురించారు. ఈనాటి చికిత్సకూ ప్రాణం ఆ పద్ధతే.

ఇదంతా తెలిసిన నేనే, మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు కుక్క కనబడితే చాలు, పాపను ఎత్తుకుని రోడ్డు దాటేసేదాన్ని. అలా కొన్ని నెలలు గడిచేసరికి పాప వీధిలోకి రావడమే మానేసింది. తరువాత కిటికీలోంచి కుక్కను చూడడంతో మొదలుపెట్టాం. గేటు లోపల నిలబడడం, వీధికి ఆవలి పక్కన నడవడం ఒక్కొక్కటిగా అలవాటు చేశాం. ఒక్కో మెట్టు మీద, గుండెదడ తగ్గేదాకా, కొన్నిసార్లు వారాల తరబడి ఆగవలసి వచ్చింది. ‘భయంగా ఉందని తెలుసు, అయినా నువ్వు నిలబడగలవు’ అన్న ఒక్క మాటే చెప్పేదాన్ని.

ఇక బడికి వెళ్లే వేళ పిల్లలు చెప్పే కడుపునొప్పి నటన అనే వారికి ఒక్క మాట: ఆందోళనలో ఆ నొప్పి నిజంగానే వస్తుంది. ఒకసారి వైద్యునికి చూపించి, వేరే జబ్బు లేదని తేలాక బడికి పంపండి. పెంపకం లోపమని ఇరుగుపొరుగు అనే మాటలను పట్టించుకోకండి. ఇందులో పుట్టుకతో వచ్చే స్వభావానికీ పెద్ద పాత్రే ఉంది.

పెద్దయితే అదే పోతుందనడం చీకటి భయం వంటి వాటి విషయంలో చాలావరకు నిజమే. కానీ చదువుకో, నిద్రకో, స్నేహాలకో వారాల తరబడి అడ్డు వస్తుంటే ఎదురు చూడవద్దు. 488 మంది పిల్లలపై జరిగి 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, మందులు లేకుండా ఆలోచనా ప్రవర్తనా చికిత్స (భయపెట్టే ఆలోచనలను మార్చుకోవడం, భయాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కోవడం నేర్పే పద్ధతి) మాత్రమే పొందినవారిలో దాదాపు 60 శాతం మంది 12 వారాల్లో బాగా మెరుగుపడ్డారు.