రాత్రి ప్రయాణంలో దూరపు ఏఎం స్టేషన్లు: అపోహలు - వాస్తవాలు

పగలు ఏఎం బ్యాండ్ మీద ముల్లు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినా రెండు మూడు స్టేషన్లే పలికే చోట, పొద్దుగూకాక అడుగడుక్కీ ఓ గొంతు వినపడుతుంది. ఎక్కడివో వార్తలు, తెలియని భాషలో పాట, ఎవరికో వాతావరణ సూచన. దారిలో ఉన్నవాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఏఎంకు పెద్ద శత్రువు కరెంటు సామాన్ల రొద. ఇంట్లో దాన్నుంచి తప్పించుకోలేం, ప్రయాణంలో తప్పించుకోవచ్చు. కాకపోతే దీని గురించి జనం చెప్పుకునే సలహాల్లో చాలావరకు ఎఫ్ఎం అనుభవం నుంచి వచ్చినవి, అవి ఏఎం దగ్గర పనిచేయవు.

అపోహ: రాత్రిపూట స్టేషన్లు పవర్ పెంచుతాయి, అందుకే దూరం నుంచి వినిపిస్తాయి.

జరిగేది చాలాచోట్ల దీనికి తలకిందులు. అమెరికానే తీసుకుంటే, అక్కడ ఏఎం స్టేషన్‌కు గరిష్ఠ పవర్ 50 కిలోవాట్లు. చీకటి పడ్డాక ఒకదాని మీద ఒకటి పడకుండా అనేక స్టేషన్లు పవర్ తగ్గించుకోవాలి, లేదా యాంటెనా ప్రసార దిశ మార్చుకోవాలి. కొన్ని పూర్తిగా ఆగిపోవాలి. పగలు 60 కిలోమీటర్ల దూరంలో చక్కగా వినిపించిన స్టేషన్ రాత్రికి మాయమైతే రేడియో పాడైందని అనుకోనక్కర్లేదు.

మారేది ఆకాశం. 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, ఎండ ఉన్నంతసేపు ‘డి’ అనే, విద్యుదావేశం నిండిన గాలి పొర ఉంటుంది. పైకి వెళ్లిన మీడియం వేవ్ (ఏఎం బ్యాండ్) తరంగాన్ని అది మింగేస్తుంది. అందుకే పగలు మనకు దక్కేది నేలను అంటిపెట్టుకుని వచ్చే తరంగం ఒక్కటే. పొద్దు వాలాక ‘డి’ పొర పలచబడిపోతుంది. తరంగాలు ఇంకా పైనున్న ‘ఇ’, ‘ఎఫ్’ పొరల దాకా వెళ్లి, అక్కడ వంగి వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. ట్రాన్స్‌మిటర్ అదే, పవర్ కూడా అదే లేదా ఇంకా తక్కువ. అడ్డుగా ఉన్న పొర తొలగింది, అంతే.

అపోహ: దూరపు స్టేషన్లకు నడిరాత్రే సరైన సమయం.

నడిరాత్రి బ్యాండ్ నిండుగా ఉంటుంది, కానీ అరుదైనవి పట్టాలంటే రెండు సంధ్యలను వదులుకోకూడదు. లెక్క తేలిక: స్టేషన్‌కూ మీకూ మధ్య దారంతా చీకటిగా ఉండాలి. తూర్పున ఉన్న స్టేషన్ దగ్గర ముందే చీకటి పడుతుంది కాబట్టి మీకు సూర్యాస్తమయం అవుతుండగా మొదట పలికేవి తూర్పువి. పడమటి స్టేషన్లు ఇంకా బలం పుంజుకోవు కాబట్టి బ్యాండ్ మీద పోటీ తక్కువ. తెల్లవారుజామున ఇది తిరగబడుతుంది. తూర్పువి ఒక్కొక్కటే జారిపోతుంటే, పడమటివి మీ సూర్యోదయం దాకా నిలబడతాయి. సూర్యాస్తమయానికి అరగంట ముందు నుంచి గంట తర్వాత వరకూ ఒకసారి, సూర్యోదయానికి గంట ముందు మరోసారి బండి ఆపుకుని వినండి. కొన్ని స్టేషన్లు అర్ధరాత్రి ప్రసారం ముగిస్తాయి. పెద్ద స్టేషన్ ఆగిన క్షణాన అదే ఫ్రీక్వెన్సీ మీద కింద నలిగిపోయి ఉన్నది బయటపడుతుంది.

అపోహ: కొండ ఎక్కితే బాగా దొరుకుతుంది.

ఎఫ్ఎంకు ఎత్తు కావాలి. ఏఎంకు కావలసింది తడి. 1000 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 300 మీటర్లు. అంత పొడవున్న తరంగానికి చిన్న గుట్టలు, చెట్లు అడ్డే కావు. నేల మీద ప్రయాణించేటప్పుడు దాని బలం ఎంత మిగులుతుందన్నది ఆ నేల విద్యుత్తును ఎంత బాగా ప్రవహింపజేస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఉప్పునీరు ఎండు రాతినేల కన్నా కొన్ని వేల రెట్లు మెరుగైన వాహకం. ఆకాశం నుంచి తక్కువ కోణంలో దిగే తరంగానికి కూడా ఎదుట సముద్రం ఉంటే లాభమే. అందుకే తీరం అంచున, స్టేషన్ ఉన్న దిక్కున ఎదురుగా నీళ్లే ఉండేలా నిలబడితే, లోపలి కొండ మీద లేనిది అక్కడ పలుకుతుంది. తీరం లేకపోతే తడి పొలాల మధ్య చదును జాగా చూసుకోండి.

ఇంకో సంగతి: కరెంటు తీగలకు కనీసం 200-300 మీటర్లు దూరం జరగండి. వంతెన కిందా, సొరంగంలోనూ ఏఎం చప్పున పడిపోతుంది, ఎఫ్ఎం కాసేపు లాగుతుంది. అంత పొడవైన తరంగం ఇనుముతో నిండిన ఇరుకు దారిలోకి దూరలేకపోవడమే దానికి కారణం.

అపోహ: పుల్ల యాంటెనా పూర్తిగా లాగితే ఏఎం పెరుగుతుంది.

చేతి రేడియోల్లో ఆ పుల్ల ఎఫ్ఎం, షార్ట్ వేవ్‌ల కోసం. మీడియం వేవ్ యాంటెనా లోపల ఉంటుంది: నల్లటి ఫెరైట్ కడ్డీ, దాని చుట్టూ సన్నని తీగ. చాలా రేడియోల్లో ఇది పై అంచు వెంట అడ్డంగా ఉంటుంది. కాబట్టి లాగాల్సిన పని లేదు, తిప్పాలి. కడ్డీ పక్క భాగం స్టేషన్ వైపు ఉన్నప్పుడు సిగ్నల్ గరిష్ఠం, కడ్డీ కొన స్టేషన్ వైపు ఉన్నప్పుడు కనిష్ఠం. గరిష్ఠం వెడల్పుగా ఉంటుంది, పది ఇరవై డిగ్రీలు అటూ ఇటూ అయినా తేడా తెలియదు. కనిష్ఠం మాత్రం సూదిమొనలా పదునుగా ఉంటుంది. అసలు ఉపయోగం దానిదే. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు స్టేషన్లు కలబడుతుంటే, కావలసినదాన్ని పెంచే ప్రయత్నం మానేసి, అక్కర్లేనిదాని వైపు కడ్డీ కొన పెట్టండి. అది అణిగి రెండోది తేలుతుంది. నీట్‌గా అణగకపోతే రేడియోను కొద్దిగా ముందుకో వెనక్కో వంచి చూడండి. చార్జర్ రొదను తొక్కిపెట్టడానికీ ఇదే కిటుకు.

ఈ రేడియోను కారులో డ్యాష్‌బోర్డు మీద పెడితే చుట్టూ ఉన్న లోహం సిగ్నల్‌ను ఆపేస్తుంది. బండి దిగి, పదడుగుల దూరంలో చెక్క బల్ల మీదో ప్లాస్టిక్ డబ్బా మీదో పెట్టుకోండి.

అపోహ: కారు రేడియో దూరపు స్టేషన్లకు పనికిరాదు.

ఎంతో మంది డీఎక్స్ (దూరపు స్టేషన్ల వేట) శ్రోతలు ఇష్టపడే రిసీవర్ అదే. బండి లోహపు శరీరం యాంటెనాకు గ్రౌండ్‌గా పనిచేస్తుంది, రేడియో కవచం లోపల ఉంటుంది, పక్క స్టేషన్‌ను వేరుచేసే శక్తి చవక చేతి రేడియో కన్నా మెరుగు. అది సరిగా పలకకపోతే దాదాపు ప్రతిసారీ కారణం కింది వాటిలో ఒకటి.

మొదటి అనుమానం ఫోన్ చార్జర్ మీదే. 12 వోల్టుల సాకెట్‌లో గుచ్చే యూఎస్‌బీ చార్జర్ లోపలి స్విచింగ్ సర్క్యూట్ బ్యాండంతా రొద పరుస్తుంది. ఫోన్ తీసేస్తే సరిపోదు, చార్జర్‌నే సాకెట్ నుంచి పీకాలి. తర్వాత డ్యాష్ కెమెరా, ఎల్ఈడీ దీపాలు. పరీక్ష ఇలా: బలహీనమైన స్టేషన్ ఒకటి పెట్టుకుని, ఇంజిన్ ఆపి, తాళం యాక్సెసరీ స్థానంలో ఉంచి, ఒక్కొక్క సామాను తీసేస్తూ వినండి. ఇంజిన్ వేగంతో పాటు పెరిగే కూత ఆల్టర్నేటర్‌ది. వేగంతో పాటు దగ్గరయ్యే టకటక శబ్దం ఇగ్నిషన్‌ది. యాంటెనా పీఠం కింద తుప్పు పట్టి గ్రౌండ్ వదులైతే ఈ రెండూ ఎక్కువవుతాయి. నట్టు విప్పి, లోహం మెరిసేదాకా గీకి బిగించండి. తప్పనిసరిగా ఉంచాల్సిన సామాను ఉంటే దాని తీగను 31 రకం ఫెరైట్ రింగు గుండా 5-7 చుట్లు వేయండి. చుట్లు రెట్టింపైతే అడ్డగింపు సుమారు నాలుగింతలవుతుంది కాబట్టి, తీగ మీద ఒక్కసారి బిగించిన క్లిప్పు వల్ల ఏఎం ఫ్రీక్వెన్సీల్లో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రెండో కారణం యాంటెనా మార్పులు. పొడవైన పుల్ల తీసేసి అందం కోసం బొటనవేలంత పొట్టిది పెడితే ఎఫ్ఎం సర్దుకుంటుంది, ఏఎం చచ్చిపోతుంది. కారు యాంటెనా కేబుల్ తక్కువ కెపాసిటెన్స్ ఉండేలా తయారైన ప్రత్యేక రకం. దాని బదులు మామూలు కోయాక్సియల్ కేబుల్ అతికితే పొట్టి యాంటెనా తెచ్చిన కాస్త సిగ్నల్ అందులోనే హరించుకుపోతుంది. అద్దంలో యాంటెనా ఉన్న బండ్లలో దానికి ఒక చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది. కొత్త స్టీరియో వేయించినప్పుడు దానికి 12 వోల్టులు అందించే తీగ (సాధారణంగా నీలం) కలపకపోతే ఎఫ్ఎం అంతంతమాత్రంగా వచ్చి, ఏఎం అసలు రాదు. పాత కారు రేడియోల్లో యాంటెనా ట్రిమ్మర్ స్క్రూ ఉండేది. 1400 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో బలహీనమైన స్టేషన్ పెట్టి, శబ్దం గరిష్ఠమయ్యేదాకా దాన్ని తిప్పాలి. యాంటెనా మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి.

విద్యుత్ కార్ల సంగతి వేరు. మోటారును నడిపే ఇన్వర్టరే పెద్ద రొదయంత్రం. కవచం, ఫిల్టర్లు సరిగా పెడితే తగ్గించవచ్చు, కొందరు తయారీదారులు ఆ పని చేయకుండా ఏఎంనే తీసేశారు. అలాంటి బండిలో వెళ్తుంటే చేతి రేడియో పట్టుకుని దిగి దూరంగా నడవడమే మార్గం.

అపోహ: సీక్ మీట నొక్కితే ఏమీ ఆగలేదు, అంటే ఏమీ లేదు.

సీక్ ఒక స్థాయి దాటిన సిగ్నల్ దగ్గరే ఆగుతుంది. మీకు కావలసినవి ఆ స్థాయికి కిందే ఉంటాయి. చేత్తో ఒక్కో మెట్టూ తిప్పండి, ప్రతి మెట్టు మీద కనీసం అర నిమిషం ఆగండి. లోకల్/డీఎక్స్ స్విచ్ ఉంటే డీఎక్స్ వైపు ఉందో లేదో చూసుకోండి. పక్క ఫ్రీక్వెన్సీ మీద బలమైన స్టేషన్ ఉంటే దానికి దూరంగా 1-2 కిలోహెర్ట్జ్ జరిపి ట్యూన్ చేయండి. బండి నడుపుతూ ఇవేవీ చేయకండి, పక్కకు ఆపాకే.

అపోహ: ఏ దేశంలోనైనా ఒకే ట్యూనింగ్.

అమెరికా ఖండాల్లో స్టేషన్ల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్, ఆసియా, ఐరోపా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లో 9. రేడియో 10 మెట్టు మీద ఉంటే 1413 దొరకదు, 1410 దగ్గర గొంతు వంకరగా వస్తుంది. రెండు పద్ధతులూ కలిసేది 90తో భాగించబడే చోట్లే: 540, 630, 720 అలా 1530 దాకా పన్నెండు. చాలా రేడియోల్లో 9/10 మార్చే మీట ఉంటుంది, మారిస్తే గుర్తుపెట్టుకున్న స్టేషన్లన్నీ చెరిగిపోతాయి, ముందే రాసిపెట్టుకోండి. మెట్ల తేడా వల్ల వచ్చే ఈల ఒక శుభసూచన కూడా. 1400 మీద వింటుంటే సన్నని 4 కిలోహెర్ట్జ్ కూత వస్తోందంటే 1404 మీద మరో ఖండపు స్టేషన్ క్యారియర్ (మాటను మోసుకొచ్చే మూల తరంగం) మీదాకా చేరుతోందన్నమాట.

అపోహ: గొంతు పెరుగుతూ తగ్గుతూ ఉందంటే రేడియోలో లోపం, ఎంత దగ్గరికి వెళితే అంత కుదురుకుంటుంది.

నేల మీద వచ్చిన తరంగమూ ఆకాశం నుంచి దిగిన తరంగమూ మీ దగ్గర కలుస్తాయి. ఒకసారి జతకూడతాయి, మరోసారి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 1924 డిసెంబరులో ఎడ్వర్డ్ ఆపిల్టన్, మైల్స్ బార్నెట్ ఈ హెచ్చుతగ్గులనే ఆధారం చేసుకున్నారు. బోర్న్‌మత్‌లోని బీబీసీ ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీని కొద్దికొద్దిగా మార్పిస్తూ, ఆక్స్‌ఫర్డ్‌లో హెచ్చుతగ్గులు లెక్కపెట్టి, తరంగాన్ని వంచే పొర ఉందని నిరూపించారు. ఆపిల్టన్‌కు 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. మీ చెవిన పడే ఊగిసలాట అదే.

రెండు తరంగాలూ సమానంగా ఉండే ప్రాంతంలో ఫేడింగ్ (ఈ హెచ్చుతగ్గులు) ఘోరంగా ఉంటుంది, మాట నమిలినట్టు వస్తుంది. అక్కడ నుంచి స్టేషన్‌కు బాగా దగ్గరగా వెళ్లినా, బాగా దూరంగా వెళ్లినా మెరుగవుతుంది. అందుకే 150 కిలోమీటర్ల దూరంలో వినలేని స్టేషన్ 500 దగ్గర హాయిగా పలకడం వింతేమీ కాదు. సింక్రనస్ డిటెక్టర్ (క్యారియర్‌ను రేడియోలోనే మళ్లీ పుట్టించే సర్క్యూట్) ఉన్న రేడియో అయితే ఆ నమిలే వక్రతను చాలావరకు సరిచేస్తుంది.

అపోహ: దూరపు స్టేషన్లకు పెద్ద, ఖరీదైన యాంటెనా కావాలి.

సంచీలో పట్టే లూప్ (చట్రం మీద తీగ చుట్టిన యాంటెనా) చాలు. 30 సెంటీమీటర్ల భుజం ఉన్న చతురస్రపు చట్రం (చెక్క లేదా ప్లాస్టిక్, లోహం వద్దు), దాని మీద 5 మిల్లీమీటర్ల ఎడంతో 24 చుట్లు ఇన్సులేషన్ ఉన్న తీగ. సుమారు 30 మీటర్లు పడుతుంది. రెండు కొసల మధ్య 365 పికోఫారడ్ల వేరియబుల్ కెపాసిటర్. ఇండక్టెన్స్ 240 మైక్రోహెన్రీల చుట్టుపక్కల వస్తుంది, అది 530 కిలోహెర్ట్జ్‌కు సరిపోతుంది. పై చివర 1600 అందకపోతే ఒకటి రెండు చుట్లు తీసేయండి. కింది చివర అందకపోతే ఒకటి పెంచండి. చుట్లను మరీ దగ్గరగా నొక్కేస్తే తీగల మధ్య కెపాసిటెన్స్ పెరిగి పై చివర అందకుండా పోతుంది.

రేడియోకు తీగ కలపనక్కర్లేదు. లూప్ నిలబెట్టి, దాని తలానికి ఫెరైట్ కడ్డీ లంబంగా ఉండేలా 5-15 సెంటీమీటర్ల దూరంలో రేడియో ఉంచండి. బలహీనమైన స్టేషన్ పెట్టి కెపాసిటర్ నెమ్మదిగా తిప్పితే ఒక చోట శబ్దం ఒక్కసారిగా లేస్తుంది. ఏ మార్పూ కనిపించకపోతే రేడియోను 90 డిగ్రీలు తిప్పండి, చాలామంది పొరపాటు పడేది అక్కడే. తర్వాత లూప్‌నూ రేడియోనూ కలిపి దిక్కు మార్చుకోండి.

అపోహ: మబ్బు పట్టినా, చలి ఎక్కువైనా సిగ్నల్ మారుతుంది.

మబ్బులు ఈ తరంగాలను వంచవు, ఆపవు. చలికాలం మెరుగనిపించేది పొడవాటి రాత్రుల వల్లా, ఉరుముల మెరుపుల గరగర తక్కువ కావడం వల్లా. వందల కిలోమీటర్ల అవతలి పిడుగు కూడా టప్పుమని వినిపిస్తుంది. చూడాల్సిన సూచిక కే-ఇండెక్స్, అంటే భూ అయస్కాంత క్షేత్రం ఎంత అల్లాడుతోందో చెప్పే అంకె. 0-1 ఉంటే ధ్రువాల వైపు నుంచి వచ్చే దారులు కూడా తెరుచుకుంటాయి. 5 దాటితే అవి మూసుకుపోతాయి, భూమధ్యరేఖ వైపు స్టేషన్లు వినడానికి మంచి రాత్రి.

అపోహ: రైలు, ఓడ, విమానం, ఎక్కడైనా ఒకటే.

రైలు పెట్టె లోహపు డబ్బా, కిటికీ అద్దానికి లోహపు పూత ఉంటే అసలు ఆశ వదులుకోవచ్చు. ఓడలో గదిలోంచి డెక్ మీదికి వస్తే, చుట్టూ ఉప్పునీళ్లు, అంతకన్నా మంచి చోటు లేదు. విమానంలో రేడియో పెట్టకండి. ఎఫ్ఎం రిసీవర్ లోపలి ఆసిలేటర్ 108-118 మెగాహెర్ట్జ్ నావిగేషన్ బ్యాండ్‌లో పడుతుంది, నిషేధం అన్ని రేడియోలకూ వర్తిస్తుంది.

అపోహ: కొత్త చోట కొత్త స్టేషన్ వినిపిస్తే అది దూరానిదే.

455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (రేడియో లోపల ప్రతి సిగ్నల్‌నూ మార్చుకునే మధ్యంతర ఫ్రీక్వెన్సీ) ఉన్న రేడియోలో, 1500 మీద ఉన్న బలమైన స్థానిక స్టేషన్ 910 (455కు రెట్టింపు) కిందికి, అంటే 590 దగ్గర దొంగ రూపంలో కనిపిస్తుంది. నిజమైన దూరపు స్టేషన్ ఊగుతుంది, స్థానికపు నీడ ఊగదు. పోల్చుకోవడానికి గంట కొట్టే సమయానికి రెండు నిమిషాల ముందు నుంచే సిద్ధంగా ఉండండి. చాలా స్టేషన్లు తమ పేరు చెప్పేది అప్పుడే. కిలోహెర్ట్జ్, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం, భాష, వినిపించిన కార్యక్రమం, రేడియో ఏ దిక్కుకు ఉన్నప్పుడు అణిగిందో రాసుకోండి. కడ్డీ కొన చూపిన గీత మీదే, ముందో వెనకో, ఆ స్టేషన్ ఉంటుంది. మరో 100 కిలోమీటర్లు పక్కకు వెళ్లాక మళ్లీ గీత తీస్తే, రెండూ కలిసే చోటు మ్యాప్ మీద దొరుకుతుంది.